చాకు ప్రవర

ఏరు మూలం, ఋషి మూలం అడగరాదన్నారు పెద్దలు. చాకు మూలం ఊసెత్తలేదు. ఆ సందులోంచే దూరాం, పాత జేబు చాకులు పోగేసే మేమంతా.

చాకు తెగుతుందా అని మేం చచ్చినా అడగం. గోత్రం చాలు. గాడిలో గోరు పెట్టి అలుగు తెరిస్తే, అది పిడిలోకి దిగేచోట నువ్వుగింజంత అక్షరాలుంటాయి. నక్షత్రం, దాని పక్కన మాల్టా శిలువ కనిపిస్తే ఇంగ్లండులో షెఫీల్డ్ అనే ఊరి జోసెఫ్ రోడ్జర్స్ కార్ఖానా వారింటి బిడ్డ. 'ఐ ఎక్స్ ఎల్' అని ఉంటే అదే ఊళ్లో వోస్టెన్‌హోమ్ వారిది. ఊరి పేరుతోపాటు 'ఇంగ్లండ్' అని కూడా కొట్టి ఉంటే, దిగుమతయ్యే సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలని అమెరికా 1890లో చట్టం చేశాక పుట్టినదై ఉంటుంది. అమెరికాలో పెన్సిల్వేనియా కేస్ కంపెనీ వారిదైతే మరీ సుఖం. వాళ్లు 1970లో ముద్రలో పది చుక్కలు పెట్టి, ఆపైన ఏటా ఒకటి తగ్గిస్తూ పోయారు. చుక్కలు లెక్కపెట్టడంలో మా వాళ్ల ముందు పంచాంగకర్తలు దిగదుడుపే.

రోడ్జర్స్ వారైతే 1822లో 1822 అలుగులతో ఒకే ఒక్క చాకు చేశారు. నిమ్మకాయ కోయాలంటే ఏ అలుగు తియ్యాలని అడిగాడో అజ్ఞాని. వాడితో మాట్లాడ్డం మానేశాను.

కోయడం మా శాస్త్రంలో పాపం. తోమడం మహాపాపం. మొన్న నేను ఊళ్లో లేనప్పుడు, పాపం మంచి మనసుతోనే, మా ఆవిడ నా చాకు ఇత్తడికి చింతపండు పట్టించి తళతళలాడించింది. నూరేళ్లు పేరుకున్న నల్లదనం పది నిమిషాల్లో సింకులోకి పోయింది. ఇంట్లో మూడు రోజులు మైల పట్టాను.

ఆ చాకు పిడి కణుజు జింక కొమ్ము. మన అడవుల్లో రాలిన కొమ్ములు ఓడెక్కి షెఫీల్డ్ వెళ్లి, పిడులై తిరిగొచ్చేవి. కొమ్ము మనది, పేరు వాళ్లది. అలాగని ఆ పేరు చాకు చేసినవాడిదా అంటే, కాదు, కార్ఖానాదారుది. చేతిపనివాళ్లు అద్దె గదుల్లో కూర్చుని, ఎవరు పురమాయిస్తే వాళ్ల ముద్రతో చేసిచ్చేవారు. సానపట్టేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. నీళ్లు తగలని పొడి సాన మీద పనిచేసేవాళ్లు, రాతి ధూళి ఊపిరితిత్తుల్లో నిండి, ముప్పై ఐదేళ్లు దాటడమే గగనమని ఆనాటి వైద్యులే రాసిపెట్టారు. 1624లో పార్లమెంటు చట్టంతో ఏర్పడ్డ అక్కడి కత్తులవాళ్ల సంఘం ముద్రలన్నీ పుస్తకాలకెక్కించింది. దగ్గుకి ముద్ర లేదు గనక అది ఎక్కలేదు. మా మూలాన్వేషణ కూడా కార్ఖానా గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి వెనక్కొచ్చేస్తుంది. లోపలికెళితే దుమ్ము.

నిన్న నాకంటే పెద్ద పండితుడొకాయన మా ఇంటికొచ్చారు. చాకులన్నీ చూశాక వంటింటి గుమ్మం దగ్గరున్న మా నాయనమ్మ కత్తిపీట మీద ఆయన కన్ను పడింది. భూతద్దం తీసి, మోకాళ్ల మీద వంగి, అలుగు పైనుంచి కిందిదాకా వెతికారు. ఊరి కమ్మరి కొట్టింది. అక్షరం లేదు, చుక్క లేదు.

"అనామకం. దీనికి విలువేముంది లెండి" అన్నారు లేచి, మోకాళ్లు దులుపుకుంటూ.

"కాస్త పక్కకి జరుగుతారా అన్నయ్యగారూ, వంకాయలు తరగాలి" అంది మా ఆవిడ.