చప్పట్లు కొట్టాలా, ఆగాలా?

పరుగు పందెం చూసి మనసారా చప్పట్లు కొట్టి ఎన్నేళ్లయిందో! ఎవరైనా రికార్డు బద్దలు కొట్టగానే మా ఇంట్లో వినిపించే మొదటి మాట "ఏ మందు వాడాడో!" అన్నదే. అనేది కూడా మరెవరో కాదు, నేనే.

1988లో సియోల్ ఒలింపిక్స్‌లో కెనడా పరుగువీరుడు బెన్ జాన్సన్ 9.79 సెకన్లలో వంద మీటర్లు దాటాడు. స్టానొజొలాల్ అనే నిషేధిత మందు వాడినట్టు బయటపడి మూడు రోజుల్లోనే పతకం పోయింది. పోనీ, అది వెంటనే తేలింది. 2012 లండన్ మహిళల 1500 మీటర్ల గోల చూడండి. మొదట వచ్చిన టర్కీ అమ్మాయి స్వర్ణం 2015లో పోయింది. రెండో స్థానంలోని టర్కీ అమ్మాయి రజతం 2017లో ఊడింది. నాలుగో స్థానంలోని రష్యా అమ్మాయి పైకి జరిగిందనుకుంటే, 2024లో ఆమె ఫలితమూ చెల్లదన్నారు. ఆరో స్థానంలో గీత దాటిన షానన్ రౌబరీకి కాంస్యం దారి తెరుచుకునేసరికి పన్నెండేళ్లు! పెళ్లినాటి విస్తరి పిల్లలు బడికెళ్లే వయసులో వడ్డించినట్టుంది.

ఇక అమెరికా పరుగుల రాణి ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ ఏ మందుల పరీక్షలోనూ దొరకలేదు. అయినా ఆమె వంద మీటర్ల రికార్డు 10.49 సెకన్ల మాటెత్తితే చాలు, నా నోరు ఊరుకోదు. రుజువు లేని అనుమానం తప్పేనని తెలుసు. కానీ ఇన్నిసార్లు మోసపోయాక నమ్మకం పిలిస్తే వచ్చేదా?

ఈమధ్య ఫైనల్ అవ్వగానే టీవీ కట్టేస్తున్నాను. అసలు విజేత ఎవరో పదేళ్ల తర్వాత పేపర్లో చదువుకోవచ్చు.