బొమ్మగారి గుండె భద్రం

మన పారామెడికల్ చదువుల మీద నోరు పారేసుకునేవాళ్లు ఒక్కసారి మా మేనల్లుడి కాలేజీకి వచ్చి అక్కడి సీపీఆర్ బొమ్మను, అంటే గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కి బతికించడం నేర్చుకునే బొమ్మను, చూడాలి. కొని ఎన్నేళ్లయిందో గానీ ఒంటి మీద ఒక్క గీత లేదు. కంపెనీ తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. పేషెంట్‌ని ఇంత పదిలంగా చూసుకునే ఆసుపత్రి రెండు రాష్ట్రాల్లో ఎక్కడున్నా చెప్పండి, రేపే వెళ్లి చేరతాను.

బొమ్మగారి కాపురం బీరువాలో. తాళంచెవి ప్రిన్సిపాల్ గారి సొరుగులో. ఉత్సవ విగ్రహంలా ఏడాదికి రెండుసార్లే బయటికి రాక: ఇన్‌స్పెక్షన్ నాడు, ఆయుధపూజ నాడు. ఆయుధపూజకి కవరు మీదనుంచే నుదుట పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఛాతీ మీద నిమ్మకాయ ఉంచి హారతిస్తారు. ఆ గుండె మీద ఇప్పటిదాకా పడ్డ బరువు ఆ నిమ్మకాయే. బుద్ధి తక్కువ కుర్రాడెవడో "సార్, ఒక్కసారి నొక్కి చూడొచ్చా?" అని అడిగాడట. "లోపల స్ప్రింగ్ పోతే మీ నాన్న కడతాడా?" అన్నారు ల్యాబ్ ఇన్‌చార్జి గారు. ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగాలని, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని వైద్యశాస్త్రం చెబుతుంది, నిజమే. దానికేం, స్ప్రింగ్ కొనేది అది కాదుగా!

నార్వేలో పిల్లల ఆటబొమ్మలు చేసుకునే ఓస్మున్ లేర్డాల్ అనే ఆయన, జనం నొక్కి నేర్చుకుంటారని 1960లో ఇలాంటి బొమ్మను తయారుచేశాడు. పాపం, మన కాలేజీలు తెలియని మనిషి.

నొక్కకుండా ఎలా వస్తుందంటారా? రికార్డు ఉందిగా! అట్ట వేయాలి, మార్జిన్ కొట్టాలి, హెడ్డింగులు స్కెచ్ పెన్నుతో రాయాలి, గుండెకి ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం పూయాలి. హెడ్డింగ్ కింద స్కేలు పెట్టి గీయలేదని మావాడికి రెండు మార్కులు కోశారు. ప్రొసీజర్ మాత్రం సీనియర్ రికార్డు చూసి దించేయడమే. ఆ సీనియర్ తన సీనియర్‌ది చూసి దించాడు. ఈ పరంపరలో ఏ పుణ్యాత్ముడి చేతిలో జారిపోయాయో గానీ రెండు సున్నాలు జారిపోయాయి. అప్పట్నుంచి బ్యాచ్ తర్వాత బ్యాచ్ "నిమిషమునకు 10-12 సార్లు నొక్కవలెను" అని గుండ్రటి అక్షరాలతో రాస్తూనే ఉంది. కింద ఎర్ర ఇంకు సంతకం, పక్కన "వెరీ గుడ్". ఆఖర్న "ఫలితము: రోగి స్పృహలోకి వచ్చెను". క్లాసు క్లాసంతా రాస్తే ఒక్క రోగీ పోలేదు. ఏ ఐసీయూకి దక్కింది ఈ ఘనత?

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన భోజనమయ్యాక ల్యాబ్‌లోకి తొంగిచూసి, "ఎక్విప్‌మెంట్ బాగా మెయింటెయిన్ చేస్తున్నారండీ" అని మెచ్చుకుని వెళ్లాడు. 2021 నాటి కేంద్ర చట్టం ఇలాంటి డిప్లొమాకి కనీసం 2,000 గంటలు ఉండాలంది. మన పిల్లలకి పెన్సిళ్లు చెక్కడానికే అవి చాలడం లేదు.

నవ్వుతూ రాద్దామనే కూర్చున్నాను, కుదరడం లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది 108. మనం ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చే ఆ బండిలో ఉండేది ఇద్దరు. పైలట్ స్టీరింగ్ వదలడానికి లేదు. వెనకాల మన నాన్న పక్కన కూర్చునేది ఇలాంటి కోర్సు చదివొచ్చిన కుర్రాడో, అమ్మాయో. డాక్టరు ఫోన్లో ఉంటే ఉండొచ్చు, చేతులు మాత్రం వీళ్లవే. ఛాతీ నొక్కేవాళ్లు లేకపోతే, ఆగిన గుండెకి కరెంటు షాక్ అందడం ఆలస్యమయ్యే కొద్దీ నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున బతికే ఆశ తరిగిపోతుంది. ఆ నిమిషంలో ఆ పిల్లాడికి 10-12 గుర్తొస్తే పాపం ఎవరిది? ఎర్ర ఇంకు పెద్దమనిషి అక్కడ ఉండడు. చుట్టాలు కాలర్ పట్టుకునేది ఆ పిల్లాడిదే. వాళ్లమ్మ మిరప చేలో కూలికెళ్లి తెచ్చి కట్టిన డబ్బు తీసుకుని మీరు నేర్పింది రంగులు పూయడమా? సిగ్గు లేదటయ్యా!

ముందు ఆ కవరు చింపండి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా, చేతులు పీకేదాకా నొక్కనివ్వండి పిల్లల్ని. స్ప్రింగ్ పోతే డబ్బు నేను కడతాను. ఫీజులకి ఎటూ ఇవ్వడం లేదు, దీనికైనా రసీదు ఇవ్వండి.