చావుల మీద పాటలు కట్టే మొనగాళ్లకు

రాత్రి నుంచి ఒకటే రీల్ తిరుగుతోంది. హైదరాబాద్‌లో ఏదో బార్, పెద్ద తెర మీద మ్యాచ్. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ జెర్సీలేసుకున్న గుంపు చేతులు రెండూ రెక్కల్లా చాపి అటూ ఇటూ ఊగుతోంది. పక్క టేబుల్ దాని పగ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ వాళ్లది. వాళ్లు మాత్రం ఊరుకుంటారా? "ఆల్వేస్ ద విక్టిమ్స్", అంటే ఎప్పుడూ మీరే బాధితులు, అంటూ బల్లలు బాదుతున్నారు. కింద నవ్వుల ఎమోజీలు కుప్పలు. ఒక మహానుభావుడు జ్ఞానబోధ కూడా చేశాడు: "ఇది బాంటర్ బ్రో, సరదా ఎగతాళి, ఫుట్‌బాల్ తెలిసినోళ్లకే అర్థమవుద్ది."

అవునా? సరే, ఫుట్‌బాల్ తెలిసినోళ్ల లెక్కలోనే మాట్లాడుకుందాం.

నువ్వు ఊపిన ఆ రెక్కలు 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో కూలిన విమానానివి. బెల్‌గ్రేడ్‌లో రెడ్ స్టార్ క్లబ్‌తో 3-3 డ్రా చేసుకుని, యూరోపియన్ కప్ సెమీస్‌కి చేరిన సంతోషంలో ఇంటికి బయల్దేరిన మాంచెస్టర్ యునైటెడ్ జట్టు అది. ఇంధనం కోసం మ్యూనిక్‌లో ఆగారు. రెండుసార్లు టేకాఫ్‌కి ప్రయత్నించి ఆపేశారు. మూడోసారి రన్‌వే చివర సగం కరిగిన మంచు బురదలో వేగం పడిపోయింది. విమానం పైకి లేవకుండానే కంచె తెంచుకుని వెళ్లి ఇంటికి గుద్దుకుంది. 23 మంది పోయారు. వాళ్లలో 8 మంది ఆటగాళ్లు. డంకన్ ఎడ్వర్డ్స్‌కి 21 ఏళ్లు, ఆస్పత్రిలో 15 రోజులు కొట్టుమిట్టాడి పోయాడు. తప్పంతా పైలట్ మీదకు తోసేశారు, రెక్కల మీద మంచు గీకించలేదని. ఆయన మీద పడ్డ ఆ మచ్చ పోవడానికి పదేళ్లు దాటింది.

ఆ విమానంలోనే ఉండి, బతకడని ఆస్పత్రిలో అంతిమ ప్రార్థనలు కూడా చేయించుకున్న మేనేజర్ మ్యాట్ బస్బీ. ఆటగాడిగా ఆయన ఎవరి కెప్టెన్? లివర్‌పూల్ కెప్టెన్. రెక్కలు చాపిన తమ్ముళ్లూ, మీ కెప్టెన్ మీదే వేశారు ఆ స్టెప్పు. అదే ఊళ్లోని ఇంకో క్లబ్ మాంచెస్టర్ సిటీ వాళ్లదైతే ఇంకా ఘోరం. వాళ్ల క్లబ్ చరిత్రలోనే గొప్ప గోల్‌కీపర్ ఫ్రాంక్ స్విఫ్ట్ రిటైరయ్యాక పత్రికకు మ్యాచ్ రిపోర్టులు రాసేవాడు. ఆ విమానంలోనే పోయాడు. సిటీ స్టాండ్‌లో కొందరు దశాబ్దాలుగా మ్యూనిక్ పాట పాడుతూనే ఉన్నారు, సొంత మనిషి తద్దినం నాడు తీన్మార్ డాన్సు కట్టినట్టు. ప్రమాదం జరిగాక యునైటెడ్‌కి సాయం చేస్తామని ముందుకొచ్చిన క్లబ్బుల్లో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఉన్నాయి. ఇవన్నీ గూగుల్‌లో రెండు నిమిషాల పని. కానీ రీల్ తీయడానికి ముప్పై సెకన్లే కదా పట్టేది.

ఇక పక్క టేబుల్ వీరులు. వాళ్లకి మరీ మంట పుడుతుంది, ఎందుకంటే వాళ్లు పాడుతున్నది అబద్ధం. పోలీసులు అల్లి, పత్రిక అచ్చేసిన అబద్ధం.

హిల్స్‌బరో స్టేడియం, 1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్. ఎఫ్ఏ కప్ సెమీస్, లివర్‌పూల్ మీద నాటింగ్‌హామ్ ఫారెస్ట్. లివర్‌పూల్ ఫ్యాన్స్‌కిచ్చిన లెప్పింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే టికెట్లు 10,100. వాళ్లంతా లోపలికి పోవాల్సిన టర్న్‌స్టైల్ గేట్లు, ఒక్కొక్కరినే వదిలే తిరుగుడు గేట్లు, 7. ఏడంటే ఏడే. భాగాహారం మీరే చేసుకోండి. బయట జనం పేరుకుపోయారు, గోడకి నొక్కుకుపోతున్నారు. మధ్యాహ్నం 2:52కి పోలీసులే గేట్ సి తెరిపించారు. 2,000 మంది దాకా ఒక్క ఊపున లోపలికి నడిచారు. ఎదురుగా కనిపించేది ఒకటే సొరంగం దారి, కిందికి వాలు. అది నేరుగా గోల్ వెనకున్న 3, 4 నంబర్ల కంచెల్లోకి, అంటే ఇనుప కమ్మీలతో విడగొట్టిన దొడ్లలాంటి చోట్లలోకి పోతుంది. అవి అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. పక్క కంచెల్లో కావలసినంత జాగా ఉంది. ఆ సొరంగం మొదట్లో నలుగురు పోలీసులు నిలబడి పక్కకి మళ్లిస్తే చాలు. మళ్లించలేదు. గేటు తెరవమన్న పెద్దాయనకి సొరంగం మూయించాలన్న ఆలోచనే రాలేదు.

మనిషి ఎలా పోతాడో తెలుసా అక్కడ? చదరపు మీటరుకి ముగ్గురు నలుగురున్నంత వరకు ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడతారు. ఆరేడుగురు దాటితే ఇక కాళ్లతో పని లేదు, గుంపు ఎటు ఊగితే అటు పోవడమే. ఊపిరి వదిలినప్పుడు ఛాతీ కుంచించుకుంటుంది. తిరిగి పీల్చడానికి పక్కటెముకలు విచ్చుకోవాలి, విచ్చుకోవడానికి అంగుళం జాగా లేదు. కింద పడి తొక్కుడుకి పోయేది కొందరే, మిగతావాళ్లు నిలబడే పోతారు. వెనకున్నవాడికి ముందున్నవాడు పోయాడని తెలియదు కాబట్టి నెట్టుడు ఆగదు. 3వ నంబర్ కంచెలో ఇనుప అడ్డకమ్మీ విరిగిపోయింది. 3:06కి ఆట ఆపారు. ముందు ఇనుప కంచె. ఎక్కి దూకబోయినవాళ్లని, మైదానంలోకి గొడవకి వస్తున్నారనుకుని, మొదట్లో పోలీసులే వెనక్కి నెట్టారు.

97 మంది. చివరాయన 2021లో పోయాడు, ఆ రోజు తగిలిన దెబ్బలతోనే, 32 ఏళ్ల తర్వాత.

నాలుగో రోజున 'ద సన్' పత్రిక మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో "ద ట్రూత్". ఫ్యాన్సే తాగొచ్చారట, శవాల జేబులు కొట్టారట. గేటు ఫ్యాన్సే బద్దలు కొట్టారని పోలీసు అధికారి ఆ మధ్యాహ్నమే చెప్పేశాడు. తెరిపించింది ఆయనే! 2012లో స్వతంత్ర ప్యానెల్ కాగితాలన్నీ బయటికి లాగితే తేలిందేంటంటే, పోలీసుల వాంగ్మూలాల్లో 164 దిద్దారు, అందులో 116 చోట్ల తమకి వ్యతిరేకంగా ఉన్న మాటలు కొట్టేశారు. 2016లో జ్యూరీ తేల్చింది: ఇవి చట్టవిరుద్ధంగా తీసిన ప్రాణాలు, ఫ్యాన్స్ తప్పు లేదు. 27 ఏళ్లు పట్టింది, కన్నవాళ్లు కోర్టు మెట్లెక్కీ దిగీ. దాన్ని పట్టుకుని "ఎప్పుడూ మీరే బాధితులా" అని బల్ల బాదుతాడు మన కూకట్‌పల్లి కుర్రాడు. బాధితులే నాయనా. జ్యూరీయే చెప్పింది.

ఇంత దూరం ఎందుకు, 2025 జూన్ 4 ఇంకా పాతబడలేదు. బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది పోయారు. కప్పు చూడటానికి వచ్చినోళ్లు. అంతకు ముందు డిసెంబర్‌లో మన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా ప్రీమియర్ దగ్గర ఓ తల్లి పోయింది. సాయంత్రానికే మొదలు: "జనానికి బుద్ధి లేదు, ఎవడు రమ్మన్నాడు?" అచ్చం అదే పాత పాట. రేపు ఐపీఎల్‌లో ఉప్పల్ స్టాండ్ నుంచి ఎవడో ఆ 11 మంది మీద చరణం కడితే అప్పుడు కూడా బాంటరేనా బ్రో?

ఇది ఎలా మొదలవుతుందో కూడా చెప్తా. స్టాండ్ మొత్తం ఒక్కసారిగా ఎప్పుడూ పాడదు. వెనక వరసల్లోంచి, స్టీవార్డ్, అంటే స్టేడియం కాపలా మనిషి, కంటికి ఆనని చోటు నుంచి, ఒకడు మొదటి లైన్ విసురుతాడు. రెండు సెకన్లలో నలుగురైదుగురు రెండో లైన్ అందుకుంటే అంటుకుంటుంది. అందుకోకపోతే చస్తుంది, అంతే. అందుకే పాడినోడికన్నా పక్కన నవ్వి అందుకున్నోడి మీదే నాకు ఎక్కువ మంట. గోల్ పడ్డప్పుడు ఇవి రావు, అప్పుడు సంతోషం ఉంటుంది. వచ్చేది ఆట చచ్చుగా సాగుతున్నప్పుడు, ఎవడో దెబ్బ తగిలి పడుకున్నప్పుడు, వీఏఆర్, అంటే వీడియో రిఫరీ, తీర్పు కోసం నాలుగు నిమిషాలు ఎదురుచూస్తున్నప్పుడు, తమ జట్టు రెండు గోల్స్ వెనకబడ్డప్పుడు. బాణీ ఎప్పుడూ అరువు సొత్తే. బాణీ తెలుసు కాబట్టి సగం మంది మాటలు వినకుండానే గొంతు కలిపేస్తారు. పదేళ్ల పిల్లాడు పక్కన నాన్నని చూసి నేర్చుకుంటాడు. స్టీవార్డ్ వరసలోకి దిగేసరికి అందరూ గాయత్రి మంత్రం జపిస్తున్న మొహాలు పెడతారు. సీసీ కెమెరాలో మొహం దొరుకుతుంది, మాట దొరకదు. ఫోన్ వీడియోలో మాట దొరుకుతుంది, మొహం దొరకదు. రెండూ కలిపి సీటు నంబర్ దాకా పట్టుకుంటేనే కేసు నిలిచేది.

ఇంగ్లండ్‌లో చట్టం లేదా అంటే ఉంది. 1991 ఫుట్‌బాల్ నేరాల చట్టం, 3వ సెక్షన్: మ్యాచ్‌కి రెండు గంటల ముందు నుంచి అయిపోయిన గంట దాకా, అసభ్యంగానో జాతిని తిడుతూనో పాడితే నేరం. మొదట్లో ఎంత తెలివిగా రాశారంటే, ఒక్కడే అరిస్తే నేరం కాదు, కనీసం ఇంకొకడు తోడుండాలి! 1999లో దిద్దుకున్నారు. జాతి అంటే రంగు, పుట్టుక, దేశం. చచ్చినోళ్ల మీద పాట ఆ లెక్కలోకి రాదు. అందుకే 2023లో ప్రాసిక్యూషన్ వాళ్లు తమ మార్గదర్శకాలు సవరించుకుని, వీళ్లని పబ్లిక్ ఆర్డర్ చట్టం కింద పట్టుకోవచ్చని స్పష్టం చేయాల్సొచ్చింది. అదే ఏడాది జూన్ 3న వెంబ్లీలో ఎఫ్ఏ కప్ ఫైనల్‌కి ఒకడు వీపు మీద 97 అంకె, దాంతో పాటు "చాలలేదు" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట వేసుకుని వచ్చాడు. 1,000 పౌండ్ల జరిమానా, 4 ఏళ్లు స్టేడియం గడప తొక్కకూడదు. ఈ బ్యానింగ్ ఆర్డర్ సరదా వ్యవహారం కాదు. జైలు పడకపోతే 3 నుంచి 5 ఏళ్లు, జైలు కూడా పడితే 6 నుంచి 10. తమ దేశం జట్టు బయట ఆడేటప్పుడు పాస్‌పోర్ట్ పోలీస్ స్టేషన్‌లో పెట్టి రావాలి.

మన దగ్గరో? క్లబ్బుకి జరిమానా వేస్తారు, పాడినోడు ఇంటికి పోయి బిర్యానీ తింటాడు.

మన దగ్గర ఇలాంటివి లేవనుకునేరు. కోల్‌కతా డెర్బీలో, అంటే ఒకే ఊరి రెండు క్లబ్బుల పోరులో, ఈస్ట్ బెంగాల్ వాళ్లని "ముళ్లకంచె" అని ఎగతాళి చేస్తారు మోహన్ బగాన్ వాళ్లు కొందరు. దేశం చీలినప్పుడు సరిహద్దు దాటొచ్చిన తాతలని పట్టుకుని మనవళ్లని తిట్టడమన్నమాట. దానికి ఈస్ట్ బెంగాల్ వాళ్లు 2020 జనవరిలో సాల్ట్‌లేక్ స్టేడియంలో పెద్ద బ్యానర్ వేలాడదీశారు: రక్తంతో కొన్న నేల ఇది, కాగితంతో కాదు. జవాబంటే అలా ఉండాలి. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇదే డెర్బీలో గొడవ రేగి 16 మంది పోయారు. అవతలి వైపు పోయినవాళ్లకీ కలిపే ఇప్పటికీ ఆ రోజు దండం పెడతారు. 2024 ఆగస్టులో ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో హత్యాచారానికి బలైన డాక్టరమ్మ కోసం ఊరంతా రగులుతుంటే భద్రత పేరుతో డెర్బీ రద్దు చేశారు. ఆ రెండు జెర్సీలూ స్టేడియం బయట భుజం భుజం కలిపి నిలబడి పోలీసుల లాఠీలు తిన్నాయి. తరతరాల పగ ఉన్నవాళ్లు వాళ్లు. నీకు లివర్‌పూల్‌తో ఏం పగ భయ్యా? మీ తాత మెర్సీ నది ఒడ్డున పడవ పోగొట్టుకున్నాడా?

అసలు కడుపు మంట ఇక్కడే. మాంచెస్టర్‌లో 1958లో ఏం జరిగిందో చేతులు ఊపి చూపిస్తారు. అదే దశకంలో మన ఊళ్లో ఏం జరిగిందో అడిగితే నోరు పెగలదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా అప్పట్లో దేశంలోని పెద్ద టోర్నీల్లో ఒకటైన రోవర్స్ కప్‌ని వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్, దక్షిణ కొరియా మీద. ఇజ్రాయెల్, తైవాన్‌ని రానివ్వలేదని మన దేశపు అధికారి ఒకాయన అభ్యంతరం చెప్పాడని స్టేడియం స్టేడియమంతా మన కుర్రాళ్ల మీద పగబట్టి అరిచింది. ప్రేక్షకుల బూతులంటే ఏంటో వాళ్లనడగాలి. గోల్‌లో పీటర్ తంగరాజ్, పుట్టింది హైదరాబాద్‌లో. ముందు వరస వీరుల్లో తులసీదాస్ బలరాం, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. 2-1తో గెలిచి బంగారం తెచ్చారు. బలరాం 2023లో పోతే ఈ జెర్సీల గుంపులో ఒక్కడన్నా స్టేటస్ పెట్టాడా?

హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో 3-1తో ఓడించి దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ గెలిచింది. ఆ తర్వాతైనా గచ్చిబౌలి నిండిందా? బ్లాస్టర్స్ వస్తే నిండేది, పసుపు జెర్సీలతో, వాళ్ల డప్పులతో. మనోళ్లేమో ఆ సాయంత్రం బార్‌లో మాంచెస్టర్ యునైటెడ్ స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్ కోసం గొంతు చించుకుంటూ ఉండేవాళ్లు. యాజమాన్యం జీతాలెగ్గొట్టింది, నిజమే, తిట్టాల్సిందే వాళ్లని. కానీ ఖాళీ స్టాండ్లని చూపిస్తే స్పాన్సర్ ఎవడొస్తాడు? 2025లో టీమ్ మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ పోయింది, పేరు కూడా మార్చేసుకుంది.

ఇప్పుడు మన ఊళ్లో మిగిలిన క్లబ్ శ్రీనిధి దక్కన్. ఐఎస్ఎల్ కింది మెట్టు ఐ-లీగ్‌లో 2022-23లో, 2023-24లో వరసగా రెండో స్థానం. పగ కావాలా, గోకులం కేరళ ఉంది. గోల్‌కీపర్ కిక్ గాల్లోకి పోయి టచ్‌లైన్ దాటితే దాని మీద కట్టండి పాట, రిఫరీ కళ్లద్దాల మీద కట్టండి, అవతలి స్ట్రైకర్ హెయిర్‌స్టైల్ మీద పన్నెండు చరణాలు కట్టండి. తెలుగులో కట్టండి. ముందు టికెట్ కొనండి.