ఆరో పలక

పైన్ చెక్కతో వేసిన నేలకు వార్నిష్ కాకుండా నూనె పూయాలని నిశ్చయించుకున్నప్పుడు, అది ఒక్క సాయంత్రంలో తేలిపోయే వ్యవహారమనే అనుకున్నాను. వార్నిష్ చెక్క మీద పొరగా కూర్చుంటుంది. ఒకచోట పెచ్చు లేచిందంటే చాలాసార్లు గది మొత్తం గీకక తప్పదు. నూనె అయితే చెక్కలోకి ఇంకుతుంది, అరిగిన మేరకు మళ్లీ పూసుకోవచ్చు. ఇంతవరకు నా తర్కంలో లోపం లేదు. లోపమంతా ‘నూనె’ అంటే ఒకటే నూనె అని నమ్మడంలో ఉంది.

విచారించగా అవి అయిదు రకాలుగా తేలాయి. పచ్చి అవిసె నూనె చెక్కకు చక్కగా పడుతుంది గాని, ఆరడానికి రోజులు చాలవు, వారాలు కావాలి. మరిగించిన అవిసె నూనె త్వరగా ఆరుతుంది. అది మరిగించినందువల్లనే త్వరగా ఆరుతుందని మా ఆవిడకు అరగంటసేపు శాస్త్రోక్తంగా వివరించాను. నేడు దొరికే ఆ నూనెను సాధారణంగా ఎవరూ మరిగించరని, త్వరగా ఆరడానికి అందులో లోహపు లవణాలు కలుపుతారని మర్నాడు తెలిసింది. ఆ సంగతి ఆమెకు వివరించడానికి మాత్రం అరనిమిషం కూడా కేటాయించలేదు. మూడోది టంగ్ నూనె. టంగ్ చెట్టు గింజల నుంచి తీసే ఈ నూనె నీటికి బాగా ఓర్చుకుంటుందంటారు గాని, ఆ పేరుతో అమ్మే డబ్బాలన్నింటిలోనూ ఆ గింజల నూనె ఉంటుందని చెప్పలేము. నాలుగోది డేనిష్ నూనె. నూనె, వార్నిష్, పలుచన చేసే ద్రావకం కలిపిన మిశ్రమానికి అది పేరు, పాళ్లు మాత్రం ఎవరి ఇష్టం వారివి. అయిదోది మైనపు నూనె. నూనెలో తేనెమైనమో, కార్నౌబా తాటి ఆకుల మైనమో కలిపి చేసే ఈ రకం డబ్బా మీద ‘పూసినట్టే కనిపించదు’ అని రాసి ఉంది. ఈ ఒక్క వాక్యమే తరవాత నా కొంప ముంచింది.

మా వడ్రంగి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. “సార్, పైన్ మెత్తటి చెక్క. చారల్లో ఒకటి నూనె ఎక్కువ తాగుతుంది, ఒకటి తక్కువ తాగుతుంది. డబ్బా మీది బొమ్మను నమ్మకండి. మిగిలిన ముక్కల మీద పూసి చూడండి. ఒక ముక్కకు మాత్రం ఏమీ పూయకుండా ఉంచండి, పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది” అన్నాడు. మెత్తటి చెక్క అన్నది నిజమే. గట్టిదనాన్ని కొలిచే జాంకా కొలతలో ఎర్ర ఓక్ 1290 దగ్గర ఉంటే తెల్ల పైన్ 380 దగ్గరే ఆగిపోతుంది. కుర్చీ కాలు కాస్త గట్టిగా జరిపినా గుర్తుంచుకునే చెక్క అది.

ఆయన చెప్పినట్టే ఆరు ముక్కలు తీసుకుని, 120 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, అయిదింటికి అయిదు నూనెలూ పూసి, ఆరోదాన్ని వదిలేశాను. ప్రతి ముక్క వెనకా పేరు రాసిన చీటీ అంటించాను. చివరి చీటీకి వచ్చేసరికి కలంలో సిరా అయిపోవడంతో దాన్ని పెన్సిల్‌తో రాశాను. ఈ నూనెలు నీటిలా ఆవిరై ఆరేవి కావు. గాలిలోని ఆమ్లజనిని పీల్చుకుని గట్టిపడతాయి. అందువల్ల గదిలో గాలి ఆడాలని తలుపు బార్లా తెరిచి ఉంచాను. రెండు రోజుల తరవాత స్థలం చాలక, ఇక ఆరిపోయి ఉంటాయన్న ధీమాతో, ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చాను. తలుపు గాలికి టపటపా కొట్టుకుంటూ ఉంటే చేతికందిన చెక్కముక్క ఏదో కింద అడ్డుపెట్టి, ఆ చప్పుడు కూడా మాన్పించాను. (నూనె గుడ్డల విషయంలో మాత్రం నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు. అవిసె నూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది కనుక, అన్నింటినీ ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాను. ఈ కథలో నేను సక్రమంగా చేసిన పని ఇదొక్కటే కాబట్టి చెప్పుకుంటున్నాను.)

పది రోజుల తరవాత దొంతర విప్పి చూస్తే చీటీలన్నీ ఊడిపోయి ఉన్నాయి. నూనె ఊరి, జిగురు కరిగి, సిరా చెదిరి, అయిదు చీటీలూ అయిదు నీలిమేఘాలుగా మారాయి. ఆరోది కనబడనే లేదు. ముక్కలు లెక్కపెట్టాను: అయిదు. డబ్బాలు లెక్కపెట్టాను: అయిదు. లెక్క అంత ముచ్చటగా కుదిరిన తరవాత అనుమానించడం మర్యాద కాదనిపించింది.

మా ఇద్దరికీ ఒకే ముక్క నచ్చింది. తక్కినవి ఏదో ఒక మేరకు పసుపు తిరిగితే అది మాత్రం లేత వెన్న రంగులో, చారలు కళ్లకు హాయిగా కనిపిస్తూ ఉంది. “ఇదేనండీ, దీనికి అసలు నూనె పూసినట్టే లేదు” అంది మా ఆవిడ. ఇక నేను పరిశోధన మొదలుపెట్టాను. జిడ్డు వదలని ముక్క పచ్చి అవిసె నూనెది. ముదురు పసుపు రంగుది ‘మరిగించినది’. గింజల వాసన వస్తున్నది టంగ్. సన్నని మెరుపు ఉన్నది, లోపల వార్నిష్ ఉంటుంది కనుక, డేనిష్. మిగిలింది మాకు నచ్చినదే. ముక్కు ఆనించి చూస్తే టర్పెంటైన్ వాసన గుప్పుమంది. డబ్బాలో ద్రావకం ఉంటుంది కదా అని తృప్తిగా తల ఊపాను. టర్పెంటైన్‌ను తీసేదే పైన్ చెట్టు బంక నుంచి అని, పచ్చిగా వదిలేసిన పైన్ ముక్క ఏదైనా అదే వాసన వేస్తుందని ఆ క్షణాన గుర్తు రాలేదు. పైగా ‘పూసినట్టే కనిపించదు’ అని డబ్బా స్వయంగా సాక్ష్యం చెబుతూ ఉంది. మైనపు నూనె ఖాయమయింది.

గది మొత్తానికీ నేనే పూశాను. పలుచగా పూసి, పావుగంట ఆగి, మిగిలిన నూనెను పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయాలని వడ్రంగి చెప్పే ఉన్నాడు. అయితే చెక్క దాహంతో ఉన్నప్పుడు తాగినంత తాగనివ్వడం ధర్మమని నాకు తోచి, ధారాళంగా పోసి, రాత్రంతా వదిలేశాను.

తెల్లవారి గదిలో అడుగుపెడితే నా కాలు ముందుకు వచ్చింది, చెప్పు రాలేదు. మైనపు నూనె పైపైన ఆరి, లోపల జిగురుగానే ఉంది. నేల వెన్న రంగులో కూడా లేదు; ఎండలో నిలిపిన తేనెలా నిగనిగలాడుతూ, ప్రతి ముడి దగ్గర మరింత ముదురు రంగు తేలి ఉంది. గుమ్మంలోంచే చూసి మా ఆవిడ, “మనం ఎంచుకున్నది ఇది కాదండీ” అంది. చెక్క రకరకాలుగా స్పందిస్తుందని, కిటికీ వెలుతురులో రంగు వేరుగా కనిపిస్తుందని, ఆరిన తరవాత తగ్గుతుందని మూడు కారణాలు చెప్పాను. ఆమె నాలుగోది అడగలేదు, అదే నయం.

వడ్రంగి వచ్చి ఏమీ అనలేదు, అందుకే నాకు ఎక్కువ సిగ్గేసింది. ద్రావకంతో తడిపిన గరుకు గుడ్డలతో ఆ జిగురును మెత్తబరిచి, రుద్ది, తుడిచి, మళ్లీ రుద్ది, ఇద్దరం రెండు రోజులు మోకాళ్ల మీదే గడిపాము. లేత రంగు కోరుకునేవారు కాస్త తెలుపు కలిపిన నూనె పూసుకుంటారని, రంగులేని నూనె ఏది పూసినా పైన్ పసుపు తిరగక మానదని ఆయన రెండో రోజు సాయంత్రం, చేతులు కడుక్కుంటూ, మామూలుగా చెప్పాడు.

చివరగా ఊడినది నా చెప్పే. దాన్ని తిరగేసి చూస్తే అడుగున ఒక కాగితం ముక్క అతుక్కుని ఉంది. పెన్సిల్ రాత నూనెకు చెదరలేదు. నా దస్తూరీయే, చక్కగా చదవగలిగేలా ఉంది: ‘ఏమీ పూయనిది’.

మా ఆవిడ ఆ చీటీని చాలాసేపు చదివింది. “అయితే మనకు నచ్చింది ఏ నూనే కాదన్నమాట. మరి మైనపు నూనె పూసిన ముక్క ఏమైనట్టు?” అంది.

నేను జవాబు వెతుకుతూ ఉండగా, ఆమె చూపు పదిరోజులుగా గాలికి కొట్టుకోవడం మానేసిన తలుపు మీద ఆగింది.