రెండంగుళాల మెట్లు

మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. తెనాలి నుంచి శాన్‌హోసేలో దిగిన రోజు నుంచీ మా ఇంటి మెట్లతో ఆవిడకి పడదు. అలాంటి మనిషిని 47 చోట్ల మెట్లున్న వించెస్టర్ మిస్టరీ హౌస్‌కి తీసుకెళ్లాను. నా తెలివి అలా ఏడిసింది.

వించెస్టర్ తుపాకుల కుటుంబం కోడలు సారా. భర్త పోయాక 1886లో ఇక్కడో ఫాంహౌస్ కొని, 1922లో తను పోయేలోగా కట్టిస్తూ, పీకిస్తూ 160 గదులు చేసింది. ఎక్కితే తల సీలింగుకి తగిలే మెట్లు, తెరిస్తే మేడ మీంచి నేరుగా కిందకి పడేసే తలుపు. తుపాకులకి బలైనవాళ్ల ఆత్మలకి భయపడి కట్టించిందని జనం చెప్పుకునే కథని నేను గుసగుసగా వినిపిస్తే, "దగ్గరుండి చూసుకోకపోతే మేస్త్రీలు ఇంతేరా" అంది అమ్మ.

ఆ తర్వాత వచ్చాయి అసలు మెట్లు. మొత్తం 44. మెలికలు తిరుగుతూ, ఒక్కోటి ఇంచుమించు రెండంగుళాల ఎత్తు. సారాకి కీళ్లవాతమని గైడు చెప్పగానే అమ్మ మొహం వెలిగిపోయింది. "దయ్యాలూ లేవు పాడూ లేవు. నొప్పి తెలిసిన మనిషి కట్టించుకుంది" అని కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టి, ఒక్క "అమ్మో" కూడా లేకుండా పైదాకా ఎక్కేసింది.

రెండు గదులు దాటాక వెనక్కి చూస్తే అమ్మ లేదు.

"ఇప్పుడే వస్తా" అని వెనక్కి పరిగెత్తాను. వచ్చిన తలుపే అనుకున్నది వేరే గదిలోకి తీసింది. అక్కణ్ణుంచి ఇంకో గది. కిటికీలోంచి తొంగిచూస్తే బయట కాదు, మళ్లీ గదే! ఫోనేమో అమ్మ హ్యాండ్‌బ్యాగులో. టెన్షన్‌లో "అమ్మా!" అని గట్టిగా అరిచాను. దయ్యాల కోసమే టికెట్టు కొనుక్కుని వచ్చిన పిల్లెవరో గోడ అవతల కెవ్వుమంది.

కాసేపటికి తర్వాతి బ్యాచి వచ్చింది. అందరికంటే ముందు మా అమ్మ. మెట్లు బాగున్నాయని మళ్లీ దిగి, మళ్లీ ఎక్కి, వీళ్లలో కలిసిపోయిందట. గుంపు వదిలి వెళ్లకూడదని గైడు నాకే క్లాసు పీకింది. అమ్మ కూడా తలూపింది.

రాత్రి వీడియో కాల్లో పిన్నికి చెబుతోంది: "పెద్దాడు తప్పిపోయాడే! పాపం, అమ్మా అని ఒకటే ఏడుపు. నేనే వెతికి పట్టుకొచ్చా."