మహారాజశ్రీ నాయిజ్ గారికి

బెజవాడ నుంచి ఒక ఫొటోల పిచ్చోడు నమస్కరించి రాయునది. మీ కుశలం అడగక్కర్లేదు. రాత్రిపూట నేను తీసే ప్రతి ఫొటోలోనూ ఇసక చల్లినట్టు చుక్కచుక్కలుగా నిక్షేపంగా కనిపిస్తూనే ఉన్నారు.

విజయదశమి రాత్రి కృష్ణ ఒడ్డున ట్రైపాడ్ కాళ్ళు చాపడానికి జానెడు చోటుండదు. చేత్తోనే తీయాలి. చెయ్యి కదిలినా చెడకుండా షటర్ వేగం పెంచాలి, దానికి ఐఎస్ఓ, అంటే కెమెరాకి అందిన వెలుతురుని పెంచి చూపే సెట్టింగు, 6400 పెట్టాలి. ఇక నది మీదా, ఇంద్రకీలాద్రి మీదా ఎర్రచుక్కలై, పచ్చచుక్కలై తమరు దిగబడతారు. జనం నిందంతా ఐఎస్ఓ మీద వేస్తారు, పాపం. అసలు కొరత వెలుతురుది. ఆ వచ్చే కాస్తా సెన్సర్ మీద ఓ చోట ఎక్కువ, ఓ చోట తక్కువ పడుతుంది. ఐఎస్ఓ ఆ తేడాని పెద్దది చేసి చూపిస్తుందంతే.

సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్ లాగితే మీరు పోతారు, నిజమే. మీతోపాటు పట్టుచీర జరీ, తాతగారి ముడతలు కూడా పోతాయి.

అందుకే తమరిని బోనెక్కిస్తున్నాం. ప్రకాశం బ్యారేజీని వరసగా 16 సార్లు తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చి, సగటు కడతాం. బ్యారేజీ 1957 నుంచీ ఒకే మాట మీద నిలబడి ఉంది. తమరు మాత్రం ఫొటోకో కట్టుకథ చెబుతారు. ఆ కథలు వాటిలో అవే కొట్టుకుని చస్తాయి. లెక్క వర్గమూలానిది: మీరు సగానికి తగ్గాలంటే 4 ఫొటోలు, పావుకి 16, అరపావుకి 64. (వర్గమూలం ఎందుకండీ అని టెన్త్‌లో మాస్టారిని విసిగించినవారు గమనించగలరు.) అరపావు దగ్గరికి వచ్చేసరికి మెమరీ కార్డు మూలుగుతుంది. ఫోన్లో నైట్ మోడ్ కూడా లోపల దాదాపు ఇదే పని చేసి, పేరు మాత్రం తను కొట్టేస్తుంది.

నదిలో కదిలే అమ్మవారి హంసవాహనానికి ఇది కుదరదు, దెయ్యంలా మసకబారుతుంది. సగటుకి బదులు మీడియన్, అంటే వరసలో పేరిస్తే నట్టనడుమ వచ్చే విలువ, తీస్తే అటూ ఇటూ కదిలేవాళ్ళు ఏకంగా మాయమైపోతారు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ మీద మాత్రం ఈ మంత్రం పారదు. అక్కడ బండ్లు కదిలితే కదా.

మీ వంశంలో హాట్ పిక్సెల్ అని ఒకడున్నాడు, వెలుతురు పడకపోయినా వెలిగే సెన్సర్ చుక్క. ముందే ట్యూషన్ చెప్పించుకొచ్చిన సాక్షి. ట్రైపాడ్ మీద ఎన్ని ఫొటోలు తీసినా అదే చోట అదే అబద్ధం చెబుతాడు. అతనికోసం లెన్స్‌కి మూతపెట్టి, అదే షటర్ వేగంతో కొన్ని తీసి, మిగతావాటిలోంచి తీసివేస్తాం. మూత తీయలేదు బాబూ అని పక్కాయన జాలిపడతాడు, పడనీండి. చేత్తో తీస్తే ఇంకో లాభం: కూర్చేటప్పుడు అతనూ ఒకచోట నిలవలేడు.

ఇట్లు,
మీ ఆతిథ్యంతో విసిగిన బెజవాడ వాసి

తా.క.: ఇంత కష్టపడి మిమ్మల్ని సాగనంపితే, మా తమ్ముడు అదే ఫొటోకి రీల్స్ కోసమని ఫిల్మ్ గ్రెయిన్ ఫిల్టర్ వేశాడు. పాతకాలం లుక్కట.