ముప్పై నాలుగు మార్కులు తెచ్చుకోవడం ఎలా?

పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో గట్టెక్కాలంటే సబ్జెక్టుకు వందకి 35 రావాలి. హిందీకైతే ఇరవై చాలు. గట్టు ఇంత కిందికి ఉన్నా ఏటా వేలమంది పిల్లలు దాన్ని ఎక్కకుండా తప్పించుకుంటున్నారంటే, బద్ధకమని కొట్టిపారేయడం అన్యాయం. దాని వెనక ఎంత శ్రమ ఉందో, ఎంతమంది చెయ్యి ఉందో ఒకసారి చూడాలి.

2020, 2021లలో కరోనా పుణ్యమా అని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రెగ్యులర్ పిల్లలందర్నీ పాస్ చేసేశారు. ఫెయిలవుదామని ఎంత ముచ్చటపడ్డా ఆ రెండేళ్లూ ఎవరికీ వీలుపడలేదు. ఆ బాకీని 2022లో ఆంధ్రప్రదేశ్ వడ్డీతో సహా తీర్చుకుంది. పాసైనవాళ్లు 67.26 శాతం. అదే ఏడు తెలంగాణలో 90 శాతం. 2025కి వచ్చేసరికి ఆంధ్రలో 81.14, తెలంగాణలో 92.78. ఈ లెక్కన కృష్ణకి అవతల ఈ విద్యకు ఆదరణ బొత్తిగా పడిపోతోంది. ఉన్న కాస్త అనుభవాన్నీ అక్షరబద్ధం చేయకపోతే ముందు తరాలకు అందదు.

మొదట లక్ష్యం స్థిరపరచుకోవాలి. పన్నెండో, పద్దెనిమిదో తెచ్చుకుంటే బంధువుల్లో గౌరవం ఉండదు. 34 వస్తే ఆ లెక్కే వేరు. "పాపం, ఒక్క మార్కుతో పోయిందంట" అని పెళ్లిళ్లలో కూడా చెప్పుకుంటారు. నింద పేపరు దిద్దినవాళ్ల మీదికి పోతుంది. ఆరు సబ్జెక్టుల్లో ఐదింట తొంభై వచ్చినా ఫర్వాలేదు, ఒక్కదాంట్లో 34 వస్తే మొత్తానికి ఫెయిలే. ఆ ఒక్కటి సాధారణంగా లెక్కలు అవుతుంది కాబట్టి ముందు అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఆంధ్రప్రదేశ్ లెక్కల పేపర్లో 33 ప్రశ్నలుంటాయి. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఛాయిస్ చివరి ఐదింటికే. ఇందులో ఎంత ప్రమాదం పొంచి ఉందో గమనించండి. చిన్నవాటన్నిటికీ కలిపే 28 మార్కులున్నాయి. ఇంకో ఏడు తోడైతే పాసైపోతాం. అందుకే అనుభవజ్ఞులు చిన్న ప్రశ్నల జోలికి చివరి పావుగంట దాకా పోరు. ముందు ఎనిమిది మార్కుల ప్రశ్నొకటి పట్టుకుని, వచ్చినా రాకపోయినా ముప్పావుగంట దాన్ని వదలరు. పేపర్లో సగానికి సగం మార్కుకి నిమిషంన్నర చొప్పున అయిపోయే లెక్కలే అయినా, ఆ సంగతి గడియారం చూసేవాడికి కదా తెలిసేది.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది గ్రాఫు దగ్గర. ఎనిమిది మార్కులు ఇంత చవగ్గా మరెక్కడా దొరకవు. ఉదాహరణకి ఎక్స్ స్క్వేర్ మైనస్ మూడు ఎక్స్ మైనస్ నాలుగు అనే బహుపదికి గ్రాఫు గీసి శూన్యాలు కనుక్కోమన్నారనుకుందాం. ఎక్స్‌కి -2 నుంచి 5 దాకా విలువలు ఇస్తూ పట్టిక వేస్తే వై విలువలు వరసగా 6, 0, -4, -6, -6, -4, 0, 6 వస్తాయి. ఎటునుంచి చదివినా ఒకటే. చుక్కలు పెట్టి కలిపితే బోర్లించని గిన్నెలా పరావలయం వస్తుంది, ఎక్స్ అక్షాన్ని -1 దగ్గరా 4 దగ్గరా ఖండిస్తుంది. పని పూర్తి, మార్కులు పూర్తి.

దీన్ని చెడగొట్టడానికి ఒకే ఒక్క మందు: మైనస్ రెండు స్క్వేర్‌ని మైనస్ నాలుగు అని రాయడం. అలా రాస్తే -2 దగ్గర 6 రావాల్సింది -2 వస్తుంది. -1 దగ్గర సున్నా రావాల్సింది అక్కడా -2 వస్తుంది. కుడి చెయ్యి పైకి లేస్తుంది, ఎడమ చెయ్యి చచ్చుబడి అక్షం కిందే ఉండిపోతుంది. రెండు శూన్యాల్లో ఒకటి మాయం. ఇక్కడ నిజమైన సాధకుడు చేయకూడనిది ఒకటుంది. అదే సరిచూసుకోవడం. శూన్యాల లబ్ధం చివరి సంఖ్య -4 కావాలి, మొత్తం 3 కావాలి. ఈ ఒక్క గుణకారం, ఒక్క కూడిక నోటితో చేస్తే చాలు, తప్పు దొరికిపోతుంది. కాబట్టి ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. చుక్కల్ని స్కేలు పెట్టి గీతలతో కలపడం, కుడివైపు పైమూల స్కేలు ఎంతో రాయకపోవడం, మొద్దుబారిన పెన్సిలుతో ఒక్కో బిందువునీ కందిగింజంత పెట్టడం వంటివి అదనపు అర్హతలు. జవాబు పుస్తకం సీరియల్ నంబరు గ్రాఫు కాగితం మీద రాయకుండా వదిలేస్తే ఇంకా మేలు. దారం ఊడితే ఆ గ్రాఫు అనాథ.

ఈ మైనస్ గుర్తు పదో తరగతిలో పుట్టిన జబ్బు కాదు. పూర్ణసంఖ్యల పాఠం ఆరు, ఏడు తరగతుల్లో వస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా పిల్లల్ని ఏ తరగతిలోనూ ఆపకూడదంది. 2019లో దాన్ని సడలిస్తూ సవరణ వచ్చింది గానీ ఆచరణలో తొమ్మిది దాకా బండి ఆగదు. పిల్లాణ్ని ఆపకూడదని చట్టం చెప్పిందే తప్ప, వాడికి రానిది నేర్పకూడదని ఎక్కడా చెప్పలేదు. అయినా చట్టాన్ని రెండో అర్థంలో తీసుకున్నవాళ్లే ఎక్కువ. భిన్నాలు రాకుండా ఐదు, మైనస్‌లు రాకుండా ఏడు దాటి వచ్చిన పిల్లాడికి పదిలో సగటు కట్టే సోపాన విచలన పద్ధతి చెబితే, మెట్లే లేని మేడ మీద నుంచి పిలిచినట్టుంటుంది. బాహుళకం, అంటే అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే విలువ, దాని సూత్రమూ అంతే. హారంలో బాహుళక తరగతి పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసి, దానికి ముందు తరగతిదీ తర్వాత తరగతిదీ తీసేయాలి. రెట్టింపు చేయడం మరిచిపోవడం ఆనవాయితీ. అయితే ఇక్కడా ఒక ప్రమాదం ఉంది. దిద్దేవాళ్లు సోపానాలకు మార్కులు వేస్తారు. సూత్రం సరిగ్గా రాసి, విలువలు ప్రతిక్షేపించి, చివర జవాబు తప్పు చేసినా సగానికి పైగా ఇచ్చేస్తారు. అందుకని 34 కావాల్సినవాళ్లు సూత్రం కూడా రాయకూడదు. "రాదు" అనుకున్న ప్రశ్నకి ఖాళీ జాగా వదలడమొక్కటే నమ్మకమైన దారి. ఖాళీ కాగితానికి మార్కు వేయగల ఎగ్జామినరు ఇంకా పుట్టలేదు.

మిగతా సబ్జెక్టుల్లో ఇంత కష్టం ఉండదు. రసాయన శాస్త్రంలో సమీకరణం తుల్యం చేయమంటే ముందు పెట్టాల్సిన అంకెని అణువు కింద తగిలించాలి. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరవుతుందన్నప్పుడు, ఇటు రెండు ఆక్సిజన్లున్నాయి అటు ఒకటే ఉందని నీటి ఫార్ములాలో ఆక్సిజన్ కింద ఇంకో రెండు రాసేస్తే లెక్క సరిపోతుంది. నీరు మాత్రం హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. కాంతి పటాల్లో కిరణాలకు బాణం గుర్తులు పెట్టకుండా ఉంటే వెలుతురు ఎటు పోతోందో దిద్దేవాళ్లే తేల్చుకుంటారు. గుండె బొమ్మ ఎంత అందంగా వేసినా భాగాలు గుర్తించకుండా వదిలితే అది డ్రాయింగు పరీక్ష అవుతుంది. సోషల్‌లో గోదావరిని తీసుకెళ్లి అరేబియా సముద్రంలో కలిపేయవచ్చు. నర్మద, తపతి ఎలాగూ అటే పోతున్నాయి, తోడుగా ఉంటుంది.

తెలుగు మన భాషే కదా అనే ధీమా ఒక్కటే తెలుగులో ఫెయిలవడానికి చాలు. అయినా ఛందస్సు దగ్గర అప్రమత్తంగా ఉండాలి, అక్కడ మార్కులు కాళ్లకు అడ్డం పడతాయి. పద్యపాదం ఇచ్చి ఏ వృత్తమో చెప్పమంటారు. మొదటి మూడక్షరాలు చూస్తే చాలు. మూడూ గురువులైతే శార్దూలం, మూడూ లఘువులైతే చంపకమాల, గురువు తర్వాత రెండు లఘువులైతే ఉత్పలమాల, రెండు లఘువుల తర్వాత గురువైతే మత్తేభం. అడిగేది ఎక్కువగా ఈ నాలుగింటినే. దీన్నుంచి తప్పించుకోవాలంటే సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందన్న సంగతి మరిచిపోవాలి. ఒక్క అక్షరం తారుమారైతే గణాలన్నీ వరసగా కూలిపోతాయి. హిందీలో ఇరవై రాకుండా చూసుకోవడం మాత్రం నిజంగా కష్టం. అంతగా అయితే తెలుగు వాక్యాన్నే దేవనాగరిలో రాసిరండి.

ఇక బడి సాయం గురించి చెప్పుకోకపోతే కృతఘ్నత. సిలబస్ డిసెంబరుకి అయిపోవాలి, తర్వాతంతా రివిజన్, స్లిప్ టెస్టులు, ప్రీ-ఫైనల్. ఉదయం స్టడీ అవర్, సాయంత్రం ఇంకో స్టడీ అవర్. ఈ టెస్టుల ఉపయోగం తప్పు ఎక్కడ చేస్తున్నామో తెలుసుకోవడం అనుకుంటారు అమాయకులు. దిద్దిన పేపరు చేతికిచ్చి, చేసిన తప్పుని అదే రోజు మళ్లీ చేయించితే ప్రమాదం. అందుకే మార్కులు రిజిస్టర్లోకి ఎక్కించి పేపర్లు బీరువాలో పెడతారు. పిల్లాడు అదే తప్పుని ఎఫ్ఏ (ఫార్మేటివ్) పరీక్షలో, ఎస్ఏ (సమ్మేటివ్) పరీక్షలో, ప్రీ-ఫైనల్లో చేసి చేసి పబ్లిక్ నాటికి నిష్ణాతుడవుతాడు. పంతుళ్లనీ అనలేం. ఎన్నికల డ్యూటీ, సర్వేలు, ఆంధ్రలో కొన్నేళ్లపాటు మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించడం, ఇన్నింటి మధ్య త్రికోణమితి కూడా చెప్పారంటే అది వాళ్ల మంచితనం.

పాఠ్యపుస్తకం తెరవకుండా గైడు, ఆ గైడులో నక్షత్రం గుర్తున్న ప్రశ్నలు, ఆ ప్రశ్నల్లో మళ్లీ "కచ్చితంగా వస్తాయి" అని వాట్సాప్‌లో తిరిగే పది. వడకట్టిన కొద్దీ చిక్కబడుతుందనే నమ్మకంతో చివరికి పిల్లాడి దగ్గర మిగిలేది పిప్పి. ప్రశ్నని కాస్త తిప్పి అడిగితే బట్టీ పట్టిన పేరా నోట్లోనే ఉండిపోతుంది. చిట్టీలు తీసుకెళ్లేవాళ్లకి కాపీలు కొట్టడాన్ని అరికట్టే 1997 నాటి 25వ నంబరు చట్టం, డిబార్ వంటి సదుపాయాలున్నాయి. కానీ చిట్టీ మీద గోరంత అక్షరాలతో రాసే గంటలో ఆ జవాబు పొరపాటున వచ్చేయవచ్చు, తస్మాత్ జాగ్రత్త.

ఇంటివాళ్ల పాత్ర మార్చిలో మొదలవుతుంది. పెళ్లి ముహూర్తాలు, ఐపీఎల్, పరీక్షలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వస్తాయి. టీవీ శబ్దం తగ్గిస్తే చదువుతానని వాడు, చదివితే తగ్గిస్తామని వీళ్లు. రాత్రి రెండు దాకా టీ పోసి మేలుకోబెట్టి, ఉదయం తొమ్మిదిన్నరకి హాల్లో కునికేలా చేయడం తల్లిప్రేమ. పరీక్ష రాసి గుమ్మంలోకి రాగానే ప్రశ్నపత్రం లాక్కుని బిట్లన్నీ సరిచూసి, పోయిన నాలుగు మార్కులకి అన్నం కూడా సహించనీయకుండా చేసి, మర్నాటి పేపర్లో ఇంకో పది పోగొట్టించడం తండ్రి వంతు.

ఆంధ్రలో వంద మార్కుల పేపరుకి హాల్లో మొత్తం మూడుంపావు గంటలు. అందులో పావుగంట ప్రశ్నపత్రం చదవడానికే. ఆ పావుగంటలో రెండుసార్లు చదివి, వచ్చినవాటికి టిక్కు పెట్టుకుని, ఏది ముందు రాయాలో తేల్చుకోవడం పాసయ్యేవాళ్ల దురలవాటు. మనకి అప్పుడు ఫ్యాను ఎటు తిరుగుతోందో, ముందు బెంచీవాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చూసే పని ఉంటుంది. ఓఎంఆర్ మీద పేరు, ఫొటో, సబ్జెక్టు మనవేనా కాదా చూడకుండా సంతకం చేయాలి. జవాబు పుస్తకంలో హాల్ టికెట్ నంబరు ఎక్కడా రాయొద్దంటారు కనుక ఎక్కడో ఒకచోట రాసి రావాలి. ప్రశ్న నంబరు తప్పు వేయడం మరో సులువైన ఉపాయం: 17 జవాబుకి 18 వేస్తే, రోజుకి నలభై పేపర్లు దిద్దే మనిషి దాన్ని వెతికి పెట్టాలని ఆశించడం భావ్యం కాదు.

ఇన్ని చేశాక ఫలితాల రోజు 34 కనిపించిందనుకోండి. అప్పుడే అసలు గండం. రీకౌంటింగ్ అని ఒకటుంది, సబ్జెక్టుకి ఐదొందలు, వేసిన మార్కుల్ని మళ్లీ కూడతారు. రీవెరిఫికేషన్ అని ఇంకొకటి, వెయ్యి రూపాయలు, దిద్దకుండా వదిలేసిన జవాబు ఏమన్నా ఉందేమో చూసి జిరాక్సు కూడా ఇస్తారు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఇలా అడిగినవాళ్ల పేపర్లలో వేలాదిగా మార్కులు మారిపోయాయి. కష్టపడి తెచ్చుకున్న 34 కాస్తా 36 అయిపోతే ఏం చేస్తాం? ఒకవేళ ఇంట్లోవాళ్లు బలవంతపెట్టి అర్జీ పెట్టించినా కంగారు పడవద్దు. ఫెయిలైనవాళ్లకి వెంటనే పెట్టే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఫీజు గడువు ఆ రీవెరిఫికేషన్ ఫలితం వచ్చేదాకా ఆగదు. అది రానీ, చూద్దాం అని ఫీజు కట్టకుండా కూర్చుంటే సరి. నెలలో తేలిపోవాల్సిన 34 మళ్లీ మార్చి దాకా మనదగ్గరే భద్రంగా ఉంటుంది.